కాన్పయిన ఏడాదికి స్కానింగ్ పిలుపు

రోజూ ఉదయం ఆరున్నరకు నా ఫోనుకు ఒక మెయిలు వచ్చేది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అని మూడు ఊళ్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక పచ్చ టిక్కు, కింద 'బ్యాకప్ విజయవంతం' అని ఒక ముక్క. అది చూసి నేను రిజిస్టర్లో సంతకం పెట్టేదాన్ని. ఏడాదిన్నర అలా పెట్టాను. ఆ టిక్కు వెనక ఏముందో తెరిచి చూసినవాళ్లు మా సంస్థలో ఒక్కరూ లేరు. కంప్యూటర్ల పని మొత్తం నాదే అయినప్పటికీ నేనూ చూడలేదు. ఈ సంగతిలో చాలామందిని నేను తప్పుపడతాను, కానీ ముందుగా తప్పుపట్టాల్సింది నన్నే.

మాది మూడు చిన్న ఆస్పత్రులు నడిపే ట్రస్టు. హెడ్డాఫీసు వనపర్తిలో, నా కుర్చీ అక్కడే. మొదట్లో ప్రతి ఆస్పత్రిలోనూ మందుల గది పక్కన ఒక సర్వరు పెట్టె ఉండేది. ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా అది ఆగేది, దాంతో ఓపీ కూడా ఆగేది. తర్వాత హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు వచ్చి మూడింటినీ క్లౌడుకు మార్చాడు. అంటే ఇక్కడ పెట్టె ఉండదు. ఎక్కడో ఉన్న పెద్ద డేటా సెంటర్లో మా పేరున ఒక వర్చువల్ మెషిను నడుస్తుంది, మనం ఇక్కడి నుంచి వాడుకుంటాం. అది మంచి పనే. చెడ్డదల్లా ఆ కన్సల్టెంటు నోరు.

"మేడం, ఇది క్లౌడ్. ఇందులో పోయేదంటూ ఏమీ ఉండదు," అని మొదటి మీటింగులో చెయ్యి పైకెత్తి చూపించాడు. మా అడ్మినిస్ట్రేటరు సారు ఏదో శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయి మా ట్రస్టుకు వచ్చినవాడు. కన్సల్టెంటు చెయ్యి చూపించిన వైపు ఆయన కూడా తల ఎత్తి సీలింగు ఫ్యానును చూసి, తెలిసినట్టు తల ఊపాడు. ఆ గదిలో నవ్వు ఆపుకున్నది నేనొక్కదాన్నే. నవ్వు ఆపుకోవడంతోనే నా తెలివంతా అయిపోయింది, తర్వాత ఏడాదిన్నర ఆ టిక్కులకు సంతకాలు పెడుతూ కూర్చున్నాను.

ఆస్పత్రులకు నాణ్యత సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురు రావడంతో కదలిక వచ్చింది. వాళ్లు పంపిన ఫారంలో ఒక గడి ఉంది: బ్యాకప్‌ను చివరిసారి ఎప్పుడు రీస్టోరు చేసి పరీక్షించారు? సారు ఆ కాగితం నా ముందుకు తోశాడు.

"ఏదో ఒక తారీఖు రాయరాదమ్మా," అన్నాడు.

"చెయ్యకుండ ఎట్ల రాస్త సార్."

"మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుడు? ఏమన్న అయితే జిమ్మేదారి ఎవరిది?"

"నడుస్తున్నదాన్ని ముట్టుకోం సార్. పక్కన ఇంకో మెషిను లేపి, బ్యాకప్ దాంట్లకు తెచ్చి చూస్తం. తెరుచుకుంటదా లేదా తెలుస్తది."

"గట్లయితే జల్ది కానియ్యుండ్రి. పగటి బువ్వ యాళ్లకు అయిపోవాలె."

పరీక్షకు నాగర్‌కర్నూలు మెషినును ఎంచుకున్నాం. పరీక్ష మెషినుకు బయటి నెట్‌వర్కుతో ఏ సంబంధమూ ఉండకూడదని కన్సల్టెంటుకు నేను ముందే మెయిలు రాశాను. మా సాఫ్ట్‌వేరులో పేషంట్లకు గుర్తుచేసే మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం ఒకటి ఉంది. రెండో మెషిను లేస్తే అది కూడా లేస్తుంది కదా అని నా భయం. అతను జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ పంపాడు.

ఆ రోజు అతను హైదరాబాదులో కూర్చుని తన స్క్రీను మాకు చూపిస్తూ పని మొదలుపెట్టాడు. ముప్పావు గంటలో మెషిను లేచింది. సాఫ్ట్‌వేరు నొక్కితే డేటా దొరకలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. "ఒక్క నిమిషం మేడం, చిన్న పాత్ ఇష్యూ," అని స్క్రీను ఆపేశాడు. రెండు నిమిషాల తర్వాత మళ్లీ చూపించాడు. ఈసారి తెరుచుకుంది. పేర్లు, ఊళ్లు, ఓపీ నంబర్లు బారులు తీరాయి.

సారు చేతులు జోడించి, "అయిపాయె. ఇంత దానికి ఎంత హైరానా వెట్టినవమ్మా," అన్నాడు. కాగితం మీద 'పాస్' అని రాసి నేను సంతకం పెట్టాను. ఆ రెండు నిమిషాలు స్క్రీను ఎందుకు ఆపావని అడగలేదు. ఒక్క పేషంటు రికార్డు కూడా తెరిచి చూడలేదు. పేర్లు కనబడ్డాయి, నాకదే చాలనిపించింది. పగటి భోజనానికి గంట టైముంది, సారు సంతోషంగా ఉన్నాడు, నేనూ సంతోషంగానే ఉన్నాను.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి నాగర్‌కర్నూలు నుంచి సిస్టర్ ఫోను చేసింది. అక్కడ పేషంట్ల రికార్డులు చూసే నర్సు ఆమె. నల్లమల అడవిలో, పెంట అని పిలిచే ఒక చిన్న గూడెంలో పుట్టి, హాస్టళ్లలో ఉండి చదువుకుని నర్సయింది. పదేళ్లుగా ఆ ఓపీ కౌంటరు ఆమెదే.

"మేడం, జర రాండ్రి. ఇక్కడ జనం పరేషాన్ అయితుండ్రు."

"ఏమైంది?"

"రాత్రి అందరికీ మెసేజ్‌లు పోయినయి. కాన్పులైనోళ్లకు స్కానింగ్‌కి రమ్మని పోయినయి. ఏంది మేడం గిది?"

బిజినేపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కాను. దారిలో కన్సల్టెంటుకు నాలుగుసార్లు ఫోను చేస్తే నాలుగుసార్లూ ఎత్తలేదు. మెసేజ్‌లు ఎక్కడి నుంచి పోయాయో బస్సు కదిలేలోపే నాకు అర్థమైంది. నిన్నటి పరీక్ష మెషినును అతను మామూలు నెట్‌వర్కులోనే లేపాడు. పని అయ్యాక ఆపనూ లేదు.

ఆస్పత్రిలో కౌంటరు ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. అందరికన్నా ముందు కోడేరు నుంచి వచ్చిన ఒకామె నిలబడి ఉంది. చంకలో ఆడపిల్ల. ఆ పిల్ల కౌంటరుకు దారంతో కట్టిన పెన్నును లాగుతోంది. ఆమె నన్ను చూసి ఫోను చేతిలో పెట్టింది.

"పత్తి ఏరుడు ఇడిసిపెట్టి వచ్చినమ్మా. ఏడో నెల స్కానింగ్‌కి రమ్మని వచ్చింది మీకెల్లి. నా బిడ్డ గిదే, అడుగులేస్తున్నది. నాకు మల్ల ఏమన్న ఉన్నదా కడుపుల? మీకు ముందే తెలిసిందా ఏంది?"

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే భయపడి అడిగింది. ఆస్పత్రి పేరుతో మెసేజ్ వచ్చిందంటే, తనకు తెలియనిది ఆస్పత్రికి ఏదో తెలిసే ఉంటుందని అనుకుంది. సిస్టర్ ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, "ఏం లేదక్కా, మా మిషిన్ తప్పు. నీ కాన్పు నేనే రాసిన, నాకు యాదికున్నది," అని చెప్పింది. ఆమె నీళ్లు తాగి, పిల్లను చంక మార్చుకుని, తప్పు మెషినుదేనా అని ఇంకోసారి అడిగి వెళ్లిపోయింది. ఆ రోజు కూలి పోయినట్టే.

తర్వాత కొల్లాపూర్ వైపు ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. వరుసలో నిలబడలేదు, గోడకు ఆనుకుని అందరూ అయిపోయేదాకా ఆగాడు. ఫోను చూపించాడు. మీ బీపీ పరీక్ష రేపే, తప్పక రండి అని ఉంది.

"ఇది మా నాయనకు వచ్చింది. ఆయన పోయి సంవత్సరీకం గూడ అయింది," అన్నాడు. "మా అమ్మ పక్కింటి పోరితోని చదివించుకున్నది. చదివించుకొని, దవాఖానోళ్ల లెక్కల ఇంక బతికే ఉన్నడు అన్నది. పొద్దటి నుంచి ఏం తింటలేదు."

నేను తప్పయిందన్నాను.

"నేను కొట్లాడనీకె రాలే. మల్ల గిట్ల రాకుండ చెయ్యుండ్రి," అని వెళ్లిపోయాడు.

ఆయన అరిచి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

జనం తగ్గాక లాప్‌టాప్‌లో పరీక్ష మెషినును తెరిచి సిస్టర్ ముందు పెట్టాను. దాన్ని బయటి నెట్‌వర్కు నుంచి అప్పటికే తెంపేశాను. ఆమె కోడేరు ఆమె రికార్డు తీసింది, ఇంకో నాలుగు తీసింది.

"ఈమెది కాన్పే లేదు ఇండ్ల. ఈ ముసలాయన పోయినట్టు నేనే ఎక్కించిన, అదీ లేదు. మేడం, పోయినేడు రాఖీ పండుగ వారం కాడ అన్నీ ఆగినయి. దాని ఇవతల ఒక్క మనిషి లేడు."

రాఖీ పండుగ అనగానే నాకు గుర్తొచ్చింది. ఆ వారం ఆ మెషినులో డిస్కు నిండిపోయింది. కన్సల్టెంటు ఇంకో డిస్కు తగిలించి డేటా మొత్తం దాంట్లోకి మార్చాడు. బ్యాకప్‌కు మాత్రం ఆ కొత్త డిస్కు సంగతి చెప్పలేదు. పాత డిస్కులో మిగిలిపోయిన పాత డేటాను అది రోజూ శ్రద్ధగా కాపీ చేసి, రోజూ పచ్చ టిక్కు పంపింది. పదిహేను నెలలపాటు కొత్తది ఒక్క అక్షరం దాచలేదు. పరీక్షలో సాఫ్ట్‌వేరు డేటా దొరకలేదన్నప్పుడు, స్క్రీను ఆపి, దానికి ఆ పాత డేటా ఉన్న దారి చూపించి తెరిపించాడు. అప్పట్లో పంపడానికి వరుసలో ఉండి ఆ పాత కాపీలో అలాగే నిలిచిపోయిన మెసేజ్‌లన్నీ, పదిహేను నెలల తర్వాత, రాత్రి మెసేజ్‌లు పోయే వేళకు ఒక్కసారిగా బయలుదేరాయి.

మధ్యాహ్నం ఫోను ఎత్తాడు.

"స్క్రీను ఆపి ఏం చేశారు?" అని అడిగాను.

"పాత పాత్ ఇచ్చాను మేడం. ఓపెన్ అయింది కదా."

"అది ఏడాది దాటిన డేటా."

"టెస్ట్ అంటే ఓపెన్ అవ్వడమే కదా మేడం. లోపల ఏముందో చూడటం మా స్కోప్‌లో లేదు."

స్కోప్ అనే మాట అతను చాలా గౌరవంగా పలికాడు. కోడేరు ఆమె కడుపులో ఏముందని భయపడిందో అది అతని స్కోప్‌లో లేదు. నెట్‌వర్కు ఎందుకు వేరు చేయలేదంటే, దానికి టైం పడుతుందట, సారు భోజనం వేళకు కావాలన్నాడట.

వనపర్తి వచ్చి సారుకు చెప్పాను. అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అయిందేదో అయింది. రాతల వెట్టకు. తనిఖీ అయినంక చూసుకుందాం," అన్నాడు. నేను బీరువాలోంచి ఆ పరీక్ష కాగితం తీసి, 'పాస్' కింద రాశాను: తెరుచుకున్నది పాత డేటా. లోపల చూడకుండా నేను సంతకం చేశాను. ఈ పరీక్ష ఫెయిల్. తారీఖు వేసి ఆయన టేబుల్ మీద పెట్టాను. నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజుల్లో పని చాలా బాగా సాగింది.

కన్సల్టెంటును అడిగి బ్యాకప్ పాస్‌వర్డులు నేనూ తీసుకుని ఈసారి నేనే కూర్చున్నాను. మూడు మెషిన్లకూ ఏయే డిస్కులున్నాయో రాసుకున్నాను. గద్వాలదీ అచ్చం నాగర్‌కర్నూలు కథే. వనపర్తి డిస్కు మాత్రం నిండలేదు కాబట్టి బతికిపోయింది, మా ఘనతేమీ లేదు. అన్ని డిస్కులనూ బ్యాకప్‌లోకి తెచ్చాను. కాపీ తీసే ముందు సాఫ్ట్‌వేరు తన చేతిలో ఉన్నదంతా డిస్కు మీద రాసేసేలా పెట్టాను, లేకపోతే సగం రాసిన రికార్డులు కాపీ అవుతాయి. ఇంకో ఊళ్లోని డేటా సెంటర్లో రెండో కాపీ. నెల రోజుల దాకా పాస్‌వర్డు ఉన్నవాళ్లు కూడా బ్యాకప్‌లను చెరపలేకుండా ఒక తాళం. పరీక్ష మెషినుకు బయటికి ఏ దారీ లేకుండా వేరే నెట్‌వర్కు. ఇవేవీ గొప్ప విద్యలు కావు. వారం రోజుల పని. ఏడాదిన్నర క్రితం చేయాల్సిన పని.

మళ్లీ పరీక్ష చేసేటప్పుడు సిస్టర్ పక్కన కుర్చీ వేసుకున్నాను.

"ముగ్గురు పేషంట్లను నువ్వే చెప్పు. ఎవరిని చూస్తే ఇది నిజమైందని నమ్ముతవు?"

వేళ్ల మీద లెక్కపెట్టింది. "నిన్న ఆఖరుకు వచ్చినాయన ఒకరు. పోయిన వారం ఫిట్స్ గోలీ మార్చినం ఒక పిలగానికి, వాడొకడు. మొన్న పుట్టిన పాప ఒకతి. ఇంక పేరు పెట్టలే, తల్లి పేరు మీదనే ఉన్నది. ఈ ముగ్గురు కరెక్టుగుంటే మిగిలినోళ్లు ఉంటరు."

ముగ్గురూ ఉన్నారు. గోలీ మారింది, పాప ఉంది. నేను పెన్ను తీశాను.

"ఆగుండ్రి మేడం," అంది. నిన్నటాయన రికార్డులో ఎక్స్‌రే నొక్కింది. ఖాళీ గడి వచ్చింది. ఇంకో రెండు నొక్కింది, అవీ ఖాళీయే. "పేర్లున్నయి గాని బొమ్మల్లేవు."

ఎక్స్‌రేలు ఇంకెక్కడో వేరే చోట దాచేలా పెట్టారని, అది నా లెక్కలోకి రాలేదని అప్పుడు తెలిసింది. ఫెయిల్ అని రాశాం. వారం తర్వాత మళ్లీ చేస్తే బొమ్మలూ వచ్చాయి. ఈ సంగతి చెబితే కన్సల్టెంటు ఫోనులో నవ్వాడు. "నర్సుతో టెస్టింగా మేడం?" అన్నాడు. ఆ మనిషికి జవాబు చెప్పడం దండగనిపించి పెట్టేశాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సోమవారం పదకొండింటికి సిస్టర్ ఫోను చేసింది. స్క్రీన్లన్నీ తెల్లబడ్డాయంది. సోమవారం అక్కడ నిలబడే చోటు కూడా ఉండదు. నేను క్లౌడులోకి వెళ్లి చూస్తే నాగర్‌కర్నూలు మెషిను ఆగిపోలేదు, అసలు జాబితాలోనే లేదు. డిస్కులు కూడా లేవు. ఈసారి కన్సల్టెంటు మొదటి రింగుకే ఎత్తాడు.

"చిన్న ఇష్యూ మేడం. అక్కరలేని మెషిన్లు తీసేస్తున్నాను. అది పాత టెస్ట్ మెషిన్ అనుకున్నాను."

"డిస్కులు?"

"వాటితో పాటే టిక్ పెట్టాను మేడం. బ్యాకప్‌లు కూడా తీసేద్దామనుకున్నాను గానీ అవి పోవట్లేదు."

వాటిని పోనివ్వనిది నేను వేసిన తాళమే, ఫోను పెట్టేసి బ్యాకప్ తెరిచాను. అతని మీద వెచ్చించే నిమిషాలు నాకు లేవు. సారు ఈలోపు నా గదికి వచ్చి, ఎంతసేపయితది, ఎంతసేపయితది అని అడుగుతూ నిలబడ్డాడు. మూడింటి లోపల అని చెప్పాను. అన్ని డిస్కులూ రావడానికి మూడు గంటలు దాటుతుందని నేను చేసిన రెండు పరీక్షల్లోనూ గడియారం చూసి రాసుకున్నందువల్లే ఆ మాట అనగలిగాను.

అక్కడ సిస్టర్ ఒక లాంగ్ నోట్‌బుక్ తెరిచి, పొద్దున వచ్చి ఇంకా వరుసలో ఉన్నవాళ్లను కూడా కలిపి చేత్తో రాయడం మొదలుపెట్టింది. పాత చీటీలు ఉన్నవాళ్లను ముందుకు పంపింది. చీటీ తేనివాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టింది. రికార్డు చూడకుండా డాక్టరు గోలీల మోతాదు మార్చనన్నారట. రెండూ ఇరవైకి మెషిను లేచింది. మెసేజ్‌ల ప్రోగ్రాం ఆపే ఉంచాను. సిస్టర్ తన ముగ్గుర్ని వెతుక్కుంది, ఎక్స్‌రేలు నొక్కింది.

"రాత్రి దాంక అందరున్నరు మేడం. పొద్దుగాల వచ్చినోళ్లు లేరు."

"బ్యాకప్ అయినంక వచ్చినోళ్లు వాళ్లు. పోయినట్టే."

"పోయిన్రా? నా బుక్కుల సగం మంది ఉన్నరు. మిగిలినోళ్లు బెంచీల మీదనే కూసున్నరు. అడిగి ఎక్కిస్త."

ఎక్కించింది. సాయంత్రం అయిదింటికి అందరూ ఎక్కారు, అప్పుడు మెసేజ్‌ల ప్రోగ్రాం మొదలుపెట్టమంది.

మరుసటి నెల గద్వాలలో ట్రస్టు వార్షిక సభ జరిగింది. ఆపద సమయంలో కొన్ని గంటల్లోనే ఆస్పత్రిని నిలబెట్టినందుకు కన్సల్టెంటుకు సారు శాలువా కప్పాడు, దండ వేశాడు, ఫొటో దిగాడు. కన్సల్టెంటు మైకులో పావుగంట మాట్లాడి, చివర్లో టీముకు కృతజ్ఞతలు చెప్పాడు. మైకు బిగించిన టీమును నేనే. సిస్టర్‌కు ఆ రోజు డ్యూటీ, ఆమెను ఎవరూ పిలవలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. రెండుసార్లు కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను పరీక్ష ఫారం మార్చి రాశాను. కింద రెండు సంతకాలు పెట్టాలి. ఒకటి నాది, ఒకటి సిస్టర్‌ది.

"కంప్యూటర్ పనికి నర్సు సంతకం ఏంది?" అన్నాడు సారు.

"ఆమె సంతకం లేకుంటే నేను వెట్ట సార్."

"ఆమెకేం తెలుసు గిండ్ల?"

"పేషంట్లు తెలుసు సార్. నాకూ మీకూ తెల్వదు."

ఆయన ఫారం మీద ముద్ర వేశాడు. ఒప్పుకున్నాడో, విసిగిపోయాడో నేను పట్టించుకోలేదు.

మొదట గద్వాల మెషినును పరీక్షించాలనుకున్నాం. సిస్టర్ నాగర్‌కర్నూలు నుంచి వనపర్తి వచ్చింది. ఇద్దరం పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాటి పోయాం. గద్వాల కౌంటరులో ఉండే ఆయన మాకు టీ తెప్పించాడు గానీ ముగ్గురు పేషంట్లను చెప్పమంటే ముఖం ముడుచుకున్నాడు. రోజూ ఎంతమందో వస్తారు, ఎవర్నని గుర్తుపెట్టుకోవాలి, అది తన పని కాదు అన్నాడు.

"నిన్న వచ్చినోళ్లల్ల ఒక్కరు గూడ యాదికి లేరా అన్నా?" అని సిస్టర్ అడిగింది.

చివరికి మానవపాడు నుంచి వచ్చిన ఒక పెద్దామె పేరు చెప్పాడు. చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని పోయిందట. వెతికాం. పరీక్ష మెషినులో ఆమె లేదు. గద్వాల బ్యాకప్ రెండు రోజులుగా ఎక్కడో ఆగిపోయి ఉంది. ఆ రెండు రోజులూ నాకు పచ్చ టిక్కులే వచ్చాయి.

ఫారం మీద ఫెయిల్ అని రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఎక్కడ ఆగిందో వెతకడానికి నేను ఉండిపోయాను. సిస్టర్‌కు మరునాడు పొద్దున డ్యూటీ ఉంది, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయింది.